రెండో ముడి

అందరూ ఆవిడని డిగ్రీలమ్మ అంటారు. చదివిన డిగ్రీ ఒక్కటే, అదీ అత్తెసరు మార్కులతో గట్టెక్కింది. రాసిన డిగ్రీలు మాత్రం వేలకు వేలు. అణువిద్యుత్ కేంద్రం నుంచి వేడి నీళ్ళు సముద్రంలోకి పోయే కాలువ ఒకటుంది. దాని మీద సన్నటి ఇనుప వంతెన. రోజూ మిట్టమధ్యాహ్నం పన్నెండింటికి ఆ వంతెన నడిమధ్యన నిలబడి, తాడుకు కట్టిన థర్మామీటరును నీళ్ళలోకి వదిలి, నూరు లెక్కపెట్టి, పైకి లాగి, కనిపించిన అంకెను రిజిస్టరులో రాయడం ఆవిడ ఉద్యోగం. ఇరవై రెండేళ్ళుగా అదే పని.

అణుకేంద్రం అనగానే బయటి జనానికి గుండెలు గుభేలుమంటాయి. లోపల పనిచేసేవాళ్ళ రోజువారీ దిగులు వేరు. వాళ్ళ ఏడుపంతా నీళ్ళ గురించే. టర్బైను తిప్పి వచ్చిన ఆవిరిని చల్లార్చడానికి నాలుగు పెద్ద పంపులు పగలూ రాత్రీ సముద్రాన్ని తోడుతుంటాయి. లోపలికి చల్లగా వెళ్ళిన నీళ్ళు వేడెక్కి ఈ కాలువలోంచి మళ్ళీ సముద్రంలో కలుస్తాయి. అలా కలిసేచోట వేడి ముప్పై ఏడు డిగ్రీలు దాటకూడదని పర్యావరణ శాఖవాళ్ళు గీత గీశారు. దాటితే చేపలు చస్తాయి, గుడ్లు చస్తాయి, వాటిని తిని బతికేవన్నీ చస్తాయి. గీత దాటిన గంటలోపు కరెంటు ఉత్పత్తి సగానికి తగ్గించి తీరాలి. కొలవడానికి మిషను కూడా ఒకటి బిగించారు గానీ, ఉప్పుగాలికి దానికి మూణ్ణెల్లకోసారి పిచ్చెత్తేది. అందుకని డిగ్రీలమ్మ రాసిన అంకే అంకె.

ఆ తాడుకు రెండు ముళ్ళున్నాయి. మొదటి ముడి మూరెడు లోతుకు, రెండో ముడి రెండు నిలువుల లోతుకు. వేడి నీళ్ళు పైపైన తేలుతాయి, లోతున చల్లగా ఉంటుంది, ఇది చంటిపిల్లలకు స్నానం చేయించే ప్రతి ఆడమనిషికీ తెలిసిన సంగతే. నియమం ప్రకారం మొదటి ముడి దగ్గరే కొలవాలి. అయితే అలలు పెద్దగా ఉన్న రోజున మూరెడు లోతులో థర్మామీటరు ఎగిరెగిరి పడుతుంది కాబట్టి, అలాంటప్పుడు రెండో ముడి దాకా దించి, పక్కన ‘అలలు ఎక్కువ’ అని రాయవచ్చు. ఈ నియమం రాసినవాడు పాపం మంచివాడే అయి ఉంటాడు. మంచివాళ్ళు రాసే నియమాలకు ఎప్పుడూ ఒక కంత ఉంటుంది.

ఎండలు ముదిరిన రోజుల్లో పదకొండూ ముప్పావుకు ఆవిడ గదిలో ఫోను మోగేది. అవతల షిఫ్టు ఇంజనీరు. "సముద్రం ఎలా ఉందమ్మా ఇవాళ?" అని మర్యాదగా అడిగేవాడు. అంతకు మించి ఒక్క ముక్క అనేవాడు కాదు. ఆ ప్రశ్న వచ్చిందంటే, సముద్రం పళ్ళెంలో నూనెలా పడుకుని ఉన్నా సరే, ఆ రోజు అలలు ఎక్కువే. ఆయన అబద్ధం ఆడమనలేదు. ఆవిడ అబద్ధం ఆడలేదు. థర్మామీటరు ఏం చూపిస్తే అదే రాసింది. అబద్ధం దొరికే లోతుకు తాడు దించిందంతే.

తోటివాళ్ళు ఆవిడని ఆట పట్టించేవాళ్ళు. "మూడు ముళ్ళు పడకపోతేనేం, రెండు ముళ్ళతో నిక్షేపంగా కాపురం చేస్తోంది" అనేవాళ్ళు. ఆవిడా వాళ్ళతో కలిసి నవ్వేది. ఆ నవ్వు ఆగిపోయి మూడేళ్ళయింది.

మూడేళ్ళ కిందట ఇలాంటి ఎండల్లోనే మూడో పంపు జల్లెడకు నాచు చుట్టుకుని పంపు ఆగింది. నాలుగు పంపులు తోడాల్సిన నీళ్ళు మూడే తోడుతుంటే, ఉన్న వేడంతా ఆ కాసిని నీళ్ళకే ఎక్కింది. ఫోను మోగింది. ఆవిడ రెండో ముడి దాకా దించింది. ముప్పై ఆరు పాయింట్ ఎనిమిది. గీత దాటలేదు, కాబట్టి ఉత్పత్తి తగ్గించలేదు. తగ్గించలేదు కాబట్టి మిగిలిన మూడు పంపుల్లో ఒక్కటీ ఆపడానికి వీల్లేకపోయింది. మూడో పంపు జల్లెడ శుభ్రం చేయడానికి నీళ్ళలోకి దిగిన మనిషి, పక్కనే రెండో పంపు గుటగుటా సముద్రాన్ని మింగుతుండగానే దిగాడు. అతను ఆవిడ అన్నయ్య.

ఒడ్డున తాడు పట్టుకున్నది అన్నయ్య కొడుకు. నీళ్ళలో మాటల్లేవు కాబట్టి వాళ్ళకు తాడే నోరు. ఒకసారి గుంజితే బాగానే ఉన్నాను. రెండుసార్లయితే తాడు వదులు. మూడుసార్లయితే పైకి లాగు. ఈ పాఠం అన్నయ్య కొత్తగా నేర్చుకునే రోజుల్లో డిగ్రీలమ్మకూ వచ్చేసింది. వంటింట్లో ఆవిడ ఒక కొస పట్టుకుంటే, పక్కగదిలో తలుపేసుకుని అతను రెండో కొస పట్టుకునేవాడు. నాలుగుసార్లు గుంజితే టీ పట్రా అని వాళ్ళిద్దరూ సొంతంగా ఒకటి కలుపుకున్నారు కూడా. ఆ రోజు తాడు ఒక్కసారే గుంజింది. తరవాత బిగుసుకుపోయింది. ఎవరో పరుగెత్తి రెండో పంపు ఆపి, ఆ ఇనుప జల్లెడ నుంచి మనిషిని ఊడదీసేసరికి పదకొండు నిమిషాలు గడిచాయి.

విచారణ జరిగింది. నీళ్ళ వేడి పరిమితిలోనే ఉంది గనుక పంపులు ఆపాల్సిన అవసరం లేదన్నారు. ఈతగాడు పక్క జల్లెడకు మరీ దగ్గరగా వెళ్ళాడన్నారు. చివర్లో ఒక్క వాక్యం కలిపారు, తాడు పట్టుకున్న వ్యక్తి సంకేతాలను సరిగా లెక్కించి ఉండకపోవచ్చునని. ఆ వాక్యం రాసినవాడికి అది ఒక వాక్యం, అంతే. తాడు పట్టుకున్నవాడికి అది మెడకు గుదిబండ అయింది. "ఒకటే అనుకున్నాను అత్తా. మూడేమో. నేనే సరిగా చూసుకోలేదేమో" అని మేనల్లుడు ఆవిడ ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. ఆవిడ వాడి తల నిమిరి, "నీ తప్పేం లేదురా" అంది. ఎవరి తప్పో చెప్పలేదు.

చెప్పాలనుకుంది. రేపు చెబుదాం అనుకుంది. రేపులు ఒకదాని వెనక ఒకటి మూడేళ్ళయ్యాయి. థర్మామీటరు నీళ్ళలో ఉంచి నూరు లెక్కపెడుతున్నప్పుడు, ఆ జల్లెడ దగ్గరకు దిగబోయేది అన్నయ్యే అన్న ఆలోచన ఒక్క క్షణం కూడా తనకు రాలేదు. ఆ సంగతే ఆవిడని లోపల్లోపల తినేస్తోంది.

అన్నయ్య పోయాక పెట్టిన సెలవు అయిపోయి తిరిగి వంతెన ఎక్కిన మొదటి రోజే అది జరిగింది. తాడు వదిలి లెక్కపెడుతోంది. అరవై ఒకటి, అరవై రెండు. కింద నుంచి ఎవరో తాడును ఒక్కసారి గుంజారు. చేప అనుకుంది. ఆ వేడిలో చేప బతకదు. అల అనుకుంది. అల అలా గుంజదు, ఊపుతుంది. ఇది అరచేతిలోకి నేరుగా వచ్చింది, పిలిచినట్టు, ఒక్కసారి.

మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ. ఒకరోజు నలభై దగ్గర, ఒకరోజు తొంభై దాటాక, కానీ తప్పకుండా, ఒక్కసారి. ఎర్రటి ఎండలో, ఒక్క నీడ కూడా పడని వేళ, చుట్టూ కాపలావాళ్ళు తిరుగుతుండగా ఆవిడకు వెన్నులోంచి చలి పుట్టేది. నరాల బలహీనతేమోనని డాక్టరు దగ్గరకు వెళ్ళింది. మాత్రలిచ్చాడు. మాత్రలకు నిద్ర వచ్చింది గానీ గుంజడం ఆగలేదు. తను రాని రోజున బదులు వచ్చే గుమాస్తాను పిలిచి, "తాడేమైనా గుంజిందా?" అని అడిగింది. అతను ఆవిడని ఎగాదిగా చూసి, ఆ సాయంత్రానికి ఆఫీసంతా టముకు వేశాడు, డిగ్రీలమ్మకు ఒక డిగ్రీ తగ్గిందని.

తిట్టినా బాగుండేది. దయ్యమై వచ్చి పీక పట్టుకున్నా సరిపెట్టుకునేది. చచ్చిపోయినవాడు రోజూ పన్నెండింటికి, బాగానే ఉన్నాను చెల్లీ అని కబురు పంపిస్తే మనిషి ఏం కావాలి?

ఈ ఏడు ఎండలు ఇంకా ముందే ముదిరాయి. ఆ రోజు పొద్దున తొమ్మిదింటికి జెల్లీ చేపల మంద ఒకటి ఎక్కడినుంచో కొట్టుకొచ్చి మూడో పంపు జల్లెడకు అతుక్కుంది. గంజి తెట్టులా అంగుళం సందు లేకుండా కప్పేసింది. పదింటికి పంపు మూలిగి ఆగింది. పదకొండుకు పంపుహౌసులోకి డిగ్రీలమ్మ వెళ్ళేసరికి మేనల్లుడు నల్ల రబ్బరు దుస్తులు సగం తొడుక్కుని, నీళ్ళలో తేలిపోకుండా నడుముకు సీసపు పట్టీ బిగించుకుంటున్నాడు.

తండ్రి పోయాక వాడు ఈ పని మానేస్తాడని అందరూ అనుకున్నారు. మానలేదు, మార్చుకున్నాడు. "తాడు పట్టుకోవడం ఇక నావల్ల కాదత్తా. దిగమంటే దిగుతాను" అన్నాడు అప్పట్లో. ఇప్పుడు ఇరవై ఏడేళ్ళవాడు, పెళ్ళయి ఏడాది. నవ్వితే అచ్చం అన్నయ్య.

"ఏంటత్తా, ఇలా వచ్చావ్? టీ తాగావా?" పంపుల రొదకు అరుస్తూ అడిగాడు.

"తాగాన్లే. రెండో పంపు ఆపుతున్నారా?"

"ఎక్కడ ఆపుతారు! ఫుల్లు లోడు మీద నడుస్తోంది. నీ పన్నెండింటి అంకె వచ్చాక చూద్దామన్నారు. ముప్పై ఏడు దాటితే లోడు సగం చేసి రెండోది ఆపేస్తారు, నాలుగోది ఎలాగూ గోడకు అవతల, అప్పుడు చెరువులో దిగినట్టు దిగొచ్చు. దాటకపోతే మామూలే." పట్టీ బిగించి, ఆవిడ మొహం చూసి నవ్వాడు. "దాటదులే. నీ హస్తవాసి అలాంటిది. నువ్వు రాసిన అంకె ఎప్పుడు దాటింది గనక?"

ఆవిడ "జాగ్రత్త" అని మాత్రం అంది. వాడికి వినబడలేదు. పక్కన రెండో పంపు గొంతు అంత పెద్దగా ఉంది.

గదిలోకి వచ్చి కూచుంది. బల్ల, ఇనుప బీరువా, కిటికీ, కిటికీలో సముద్రం. ఒక్క ముడత లేదు దాని మీద. పదకొండూ ముప్పావుకు ఫోను మోగింది.

"సముద్రం ఎలా ఉందమ్మా ఇవాళ?"

ఇంజనీరు మారలేదు. మూడేళ్ళలో జుట్టు పూర్తిగా నెరిసింది, గొంతులో మర్యాద ఇంకాస్త పెరిగింది. ఆవిడ కిటికీలోకి చూస్తూ, "ఇంకా వంతెన మీదికి వెళ్ళలేదు సార్" అంది.

ఆయన ఎప్పుడూ లేనిది నాలుగు మాటలు ఎక్కువ మాట్లాడాడు. "బయట ఎండ నలభై నాలుగమ్మా. మనం సగానికి తగ్గిస్తే ఊళ్ళో సగం ఇళ్ళకు కరెంటుండదు. ఆసుపత్రులకు జనరేటర్లుంటాయి, సరే. ఇళ్ళలో ముసలివాళ్ళు, బాలింతలు... ఎంతమందికి ప్రాణం మీదికొస్తుందో ఆలోచించండి. అవతల పది బుట్టల చేపలు. అంతే కదా?"

ఆయన చెప్పింది అబద్ధం కాదు, చిక్కంతా అక్కడే ఉంది. ఆవిడ మేడమీది వాటాలో ఒక పెద్దాయన రోజంతా ఆక్సిజన్ మిషను పెట్టుకుని పడుకునే ఉంటాడు. ఆ మిషను గురకే ఆవిడకు జోలపాట. లోడు తగ్గితే ఆ మిషను ఆగినా ఆగుతుంది.

"దిగేది మా వాడు సార్" అంది ఆవిడ.

"తెలుసమ్మా. ఈసారి ఇద్దరు తాడు పట్టుకుంటారు. నేనే దగ్గరుండి చూస్తాను." అని, ఇంకేం అనాలో తోచనట్టు ఫోను పెట్టేశాడు. చెడ్డవాడయితే ఆవిడ పని ఎంత సుళువయ్యేదో!

తాడు భుజాన వేసుకుని బయల్దేరే ముందు పక్కింటావిడకు ఫోను చేసి, మేడమీది పెద్దాయనకు ముందుజాగ్రత్తగా నిండు సిలిండరు తెప్పించి పెట్టమని చెప్పింది. "ఎందుకూ, కరెంటు పోతుందా?" అని ఆ పక్కింటావిడ అడిగింది. "ఏమో, పోవచ్చు" అంది. అప్పటికింకా తనకే తెలియదు.

వంతెన చువ్వలు చేతికి అంటుకుంటే కాలిపోయేలా ఉన్నాయి. కింద కాలువ పైన సన్నటి వేడిగాలి తెర కదులుతోంది. ఆవిడ తాడు వదిలింది. మొదటి ముడి నీళ్ళను తాకింది, మునిగింది, చెయ్యి ఆగలేదు. తాడు జారుతూనే ఉంది. ఇన్నేళ్ళ అలవాటు, ఫోను మోగిన రోజున ఆ చేతికి ఎవరూ చెప్పనక్కర్లేదు. రెండో ముడి మునిగాక ఆవిడ తన చేతివంక చూసింది, పరాయివాళ్ళ చెయ్యి చూసినట్టు. అయినా తీయలేదు. లెక్కపెట్టడం మొదలుపెట్టింది.

యాభై మూడు దగ్గర వచ్చింది. ఒక్కసారి.

బాగానే ఉన్నాను.

"బాగాలేవు" అంది ఆవిడ పైకే. "బాగాలేవు అన్నయ్యా. నువ్వు బాగాలేవు, నేను బాగాలేను. వాడికి మూడేళ్ళుగా నిద్ర లేదు. ఒక్కసారైనా నిజం చెప్పు. నన్ను తిట్టు."

తాడు మళ్ళీ కదల్లేదు. కాలువ అవతలి గట్టున కాపలామనిషి తలెత్తి చూసి, ఈవిడ సంగతి తెలిసినదే అన్నట్టు తల తిప్పుకున్నాడు. అన్నయ్య బతికున్నప్పుడూ అంతే. ఒంట్లో జ్వరంతో దిగినా, చెవిలోంచి రక్తం కారినా, ఏమీ లేదు, బాగానే ఉన్నాను అనేవాడు. ఎదుటివాళ్ళను భయపెట్టడం ఇష్టం లేని మనిషి. చచ్చి కూడా తన చెల్లెలిని వెనకేసుకొస్తున్నాడు. ఆ వెనకేసుకురావడమే తన చేత ఇంతకాలం నోరు మూయించిందని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఎవరూ నిలదీయరు, బతికున్నవాళ్ళకు తెలియదు, పోయినవాడు బాగానే ఉన్నానంటున్నాడు. ఇంత హాయిగా ఒక మనిషి నరకంలో ఉండొచ్చన్నమాట.

తాడు పైకి లాగింది. ముప్పై ఆరు పాయింట్ ఆరు. అంకె గుర్తుపెట్టుకుని, మళ్ళీ వదిలింది. ఈసారి మొదటి ముడి నీళ్ళను తాకగానే తాడును రెండు చేతులా బిగించి పట్టింది. నూరు లెక్కపెట్టింది. తాడు ఊరికే ఉంది. నమ్మకం చాలక మరో నూరు లెక్కపెట్టి తీసింది. ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి.

గదిలోకొచ్చి రిజిస్టరు తెరిచి రెండు అంకెలూ పక్కపక్కనే రాసింది. మొదటి ముడి ముప్పై ఎనిమిది పాయింట్ ఒకటి, రెండో ముడి ముప్పై ఆరు పాయింట్ ఆరు. పక్క గడిలో ‘అలలు లేవు’ అని రాసి సంతకం పెట్టి, ఫోను తీసింది.

ఇంజనీరు రెండూ విన్నాడు. "మొదటిదొక్కటే రాస్తే సరిపోయేది కదమ్మా?" అన్నాడు చివరికి, నీరసంగా. "రెండూ పక్కపక్కన పెడితే తేడా తెలిసిపోతుంది. పాత రిజిస్టర్లు తిరగేసి లెక్క కట్టేవాడు ఎవడో ఒకడు వస్తాడు. అందులో మీ పేరే కాదు, నా పేరూ ఉంటుంది."

"ఉంటుంది సార్."

ఆవిడ ఆయన మీద జాలిపడింది కూడా. ఆయనకు రిటైర్మెంటు ఇంకా నాలుగు నెలలే. "సరే" అన్నాడు ఆయన. "లోడు దించుతున్నాను."

గంట గడిచేలోపు లోడు సగానికి దిగింది, తరవాత రెండో పంపు ఆగింది. రెండో పంపు ఆగడం ఆవిడ చెవులతో కాదు, కాళ్ళతో వింది. ఇరవై రెండేళ్ళుగా పాదాల కింద ఉన్న అదురు ఒక్కసారి లేకుండా పోయింది. మేనల్లుడు నీళ్ళలోకి దిగుతున్నప్పుడు ఆవిడ ఒడ్డునే నిలబడింది. తాడు పట్టుకున్న ఇద్దరి చేతులకేసి చూస్తూ నిమిషాలు లెక్కపెట్టుకుంది. ఇరవై ఆరు నిమిషాల తరవాత వాడు ఒళ్ళంతా జిగురుతో, తల మీద జెల్లీ చేప ముక్క ఒకటి వేళ్ళాడుతూ పైకి తేలాడు. "ఛీ, వీటి దుంపతెగ!" అన్నాడు. ఒడ్డున అందరూ నవ్వారు. ఆవిడ సిమెంటు దిమ్మ మీద కూచుంది.

జల్లెడ శుభ్రం చేసినవాడు ఆ రిజిస్టరులోనే సంతకం పెట్టాలి. మూడింటికి తల తుడుచుకుంటూ వచ్చి బల్లముందు నిలబడ్డాడు. పెన్ను తీసుకుని, సంతకం పెట్టబోయి, పైనున్న వరస చూశాడు.

"ఇదేంటత్తా, ఇవాళ రెండు అంకెలున్నాయి?"

"రెండు లోతుల దగ్గర కొలిచాను."

"రెండో ముడి ఎప్పుడు వాడతారు?"

"అలలున్నప్పుడు" అంది ఆవిడ. ఇక్కడ ఆపేయొచ్చు. వాడు సంతకం పెట్టి వెళ్ళిపోతాడు. "అలలున్నప్పుడు వాడాలి. మేము అలలు లేనప్పుడూ వాడేవాళ్ళం. గీత దాటేలా ఉన్న రోజున."

వాడు పెన్ను కింద పెట్టలేదు, రాయనూ లేదు. ఈతగాడికి సముద్రం ఏ రోజు ఎలా ఉందో ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ ఒక్క రోజు సంగతి వాడికి అసలే చెప్పనక్కర్లేదు.

"నాన్న పోయిన రోజు అలల్లేవు" అన్నాడు నెమ్మదిగా. "అద్దంలా ఉంది. నాన్న దిగాక బుడగలు ఎక్కడ తేలాయో కూడా కనబడింది. అత్తా, ఆ రోజు ఏ ముడి?"

"రెండోది."

బీరువా తెరిచి, పాత రిజిస్టరు తీసి, ఆ పేజీ దగ్గర మడిచి వాడి ముందు పెట్టింది. ఆ పేజీ ఎక్కడుందో వెతుక్కోనక్కర్లేదు ఆవిడకు. ‘అలలు ఎక్కువ.’ గుండ్రటి అక్షరాలు, కింద పొందికైన సంతకం. వాడు దాన్ని చాలాసేపు చూశాడు. అరుస్తాడనుకుంది. బల్ల తన్నేస్తాడనుకుంది. వాడు కుడిచెయ్యి ఎత్తి, ఆ అరచేతినే చూసుకున్నాడు.

"ఒకటే గుంజాడు" అన్నాడు. "నేను సరిగ్గానే లెక్కపెట్టాను."

"సరిగ్గానే లెక్కపెట్టావు నాన్నా."

"మూడేళ్ళు. నీ ఒళ్ళో తల పెట్టుకుని ఏడ్చాను నేను."

వాడు సంతకం పెట్టాడు. అక్షరాలు వంకర్లు పోయాయి. తలుపు దాకా వెళ్ళి, వెనక్కి తిరగకుండానే, "అమ్మకు నేను చెప్పను. నువ్వే చెప్పు. ఇవాళే చెప్పు" అన్నాడు.

వదిన బట్టలు కుడుతుంది. రెండు గదుల ఇల్లు, కిటికీ పక్కన కుట్టుమిషను, నేలంతా గుడ్డపీలికలు. డిగ్రీలమ్మ వెళ్ళేసరికి ఐదయింది. ఫ్యాను ఆగి ఉంది. వదిన అట్టముక్కతో విసురుకుంటూ, "రా రా. ఏ మహానుభావుడు తీసేయించాడో గానీ మధ్యాహ్నం నుంచి కరెంటు లేదు, ఉడికిపోతున్నాం" అంది. "మీ మేడమీది పెద్దాయనకు ఎలా ఉంది?"

"ఫోను చేశాను. సిలిండరు పెట్టారట, పరవాలేదు. వదినా, కరెంటు తీసేయించింది నేనే."

నిలబడే చెప్పింది. ముడి గురించి, ఫోను గురించి, అలల గురించి, పంపు గురించి, ఏదీ దాచుకోకుండా, ఏదీ సాగదీయకుండా చెప్పింది. తాడు గుంజే సంగతి మాత్రం చెప్పలేదు. దాన్ని చెబితే జాలి అడుక్కున్నట్టు ఉంటుంది. చెప్పడం అయిపోయేసరికి వదిన చేతిలో అట్టముక్క ఆగిపోయి ఉంది.

"ఎంత తేడా?" అంది వదిన.

"ఒకటిన్నర డిగ్రీ."

"చెయ్యి పెడితే తెలుస్తుందా?"

"తెలీదు వదినా."

మిషను మీద సగం కుట్టిన చొక్కా ఉంది, వదిన దాని చేతిని మడిచింది, విప్పింది, మళ్ళీ మడిచింది. ఏడవలేదు. ఏడిస్తే డిగ్రీలమ్మ కూడా ఏడ్చేది, ఇద్దరూ ఒకరినొకరు పట్టుకునేవాళ్ళు, అలా ఎన్నిసార్లు ఏడ్చారో ఈ మూడేళ్ళలో.

"నేను వాడే అనుకున్నాను" అంది వదిన. గొంతు చాలా మామూలుగా ఉంది. "నోరు తెరిచి అనలేదు, తల్లిని కదా. కానీ ఆ విచారణ కాగితం చదివిన రోజు నుంచి, వాడి ముందు కంచం పెట్టి మొహం తిప్పుకునేదాన్ని. వాడికి తెలుసు. కడుపున పుట్టినవాడికి తెలియదా? తెలిసే, తలొంచుకుని తినేవాడు. ఒక్కనాడు ఎందుకమ్మా అని అడగలేదు."

డిగ్రీలమ్మ నేలమీది గుడ్డపీలికలను చూస్తూ నిలబడిపోయింది. ఇది ఆవిడ లెక్కలో లేదు. అన్నయ్యను పోగొట్టానని మూడేళ్ళు కుమిలింది గానీ, అదే ఒకటిన్నర డిగ్రీ ఈ ఇంట్లో రోజూ ఒక కంచం దగ్గర కూచుని ఉందని ఆవిడకు తెలియదు. క్షమించమని అడగాలని వచ్చింది. ఆ మాట ఇక అడగలేదు.

వదిన లేచి, కొడుకు కోసం ఎదురుచూస్తున్నట్టు గుమ్మంలోకి వెళ్ళి వీధిలోకి చూసింది. వీధిలో ఇంకా వెలుగుంది. కరెంటు లేక జనమంతా అరుగుల మీదికి వచ్చి విసురుకుంటున్నారు.

డిగ్రీలమ్మ చెప్పులు తొడుక్కుంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఈ గుమ్మం దిగేటప్పుడల్లా అనే మాటే అంది.

"వెళ్ళొస్తాను వదినా."

వదిన పక్కకు జరిగి దారి ఇచ్చింది.

"వెళ్ళు" అంది.